విషీ ఫ్రాన్స్ నాణేల సెట్టు: 1,200 రూపాయలకు తగినదేనా?

తిరుపతిలో ఓ పాత నాణేల దుకాణంలో 'విషీ ఫ్రాన్స్ 1941-44' అని చీటీ అంటించిన ఐదు నాణేల సెట్టు అమ్ముతున్నారు. 1940లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయాక మార్షల్ పెటాన్ విషీ పట్టణం నుంచి నడిపిన ప్రభుత్వం వేయించిన చిల్లర ఇది. 50 సాంటీమ్‌లు (ఫ్రాంకులో నూరోవంతు సాంటీమ్), 1 ఫ్రాంకు, 2 ఫ్రాంకులు అల్యూమినియంవి. మధ్యలో చిల్లున్న 10, 20 సాంటీమ్‌లు జింకువి.

నకిలీలు లేవు, కానీ ఏరడంలో శ్రద్ధ లేదు. ఫ్రాంకు 1945ది పెట్టారు. దాని మీద ఉన్నది రిపబ్లిక్ పేరు, 'స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం'. విషీ ఫ్రాంకు మీద రెండంచుల గొడ్డలి, గోధుమ కంకులు, రెండోవైపు 'శ్రమ, కుటుంబం, మాతృభూమి' ఉండాలి. రెండూ 23 మి.మీ. అల్యూమినియం బిళ్లలే కాబట్టి బొమ్మ చూడకపోతే తెలియదు. అడగ్గానే 1943ది మార్చి ఇచ్చారు, పేచీ లేదు.

0.01 గ్రాము తూచే త్రాసు వెంట ఉంటే మంచిది. 1942 ఫ్రాంకు 1.6 గ్రాములు తూగాలి. 1943లో బరువు తగ్గించారు, ఆ తర్వాతివి 1.3 గ్రాములు. 2 ఫ్రాంకులు 27 మి.మీ., 2.2 గ్రాములు. సంవత్సరం ఉన్నవైపు 'బి' ఉంటే బోమోన్-ల-రోజే టంకశాలలో, 'సి' ఉంటే కాస్తెల్‌సరాజాన్ టంకశాలలో కొట్టింది. ఏ అక్షరమూ లేకపోతే పారిస్‌ది. 20 సాంటీమ్‌లకు అయస్కాంతం పెట్టి చూడండి. జింకు అంటుకోదు, అంటుకుంటే ఇనుపది, అది అరుదు.

పెటాన్ బొమ్మతో 1941 నాటి 5 ఫ్రాంకుల నాణెం ఈ సెట్టులో లేదు, ఉండదు కూడా. దాన్ని చలామణిలోకి రాకుండానే చాలావరకు కరిగించేశారు. వందల్లో ఇస్తామంటే నకలే. శ్రీవారి హుండీ నాణెమన్న కథకూ అదనంగా ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

అసలు చిక్కు ప్యాకింగుతోనే. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టారు. వాటినుంచి ఊరే జిగురు నాణేనికి పడుతుంది. ఇంటికి రాగానే తీసి, అసిటోన్‌లో ముంచి, ఆరనిచ్చి, మైలార్ (పీవీసీ లేని పాలియెస్టర్ ప్లాస్టిక్) కవర్లో సిలికా జెల్‌తో దాచండి. జింకు మీద తెల్లపొడి కనిపిస్తే ఆ నాణెం వద్దనండి, తేమ తగిలితే ఆ తుప్పు నాణేన్ని ఇంకా తింటుంది. ఇత్తడి చెంబులా చింతపండుతో తోమితే జింకు కరుగుతుంది.

ఫ్రాంకులు కోట్లలో కొట్టినవి. మరకల్లేని ముక్కలైతే 1,200 ఇవ్వొచ్చు. అరిగినవాటికి సగం చాలు.