గేర్‌బాక్స్ బతికింది, ఫ్లైవీల్ పోయింది

హన్మకొండలో ఉంటూ పని మీద తరచూ హైదరాబాద్ వెళ్లివచ్చే నాకు ఈ డీజిల్ సెడాన్ మీద ఉన్న కోపమంతా ఒకే భాగం మీద: ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, అంటే రెండు భాగాలుగా ఉండి మధ్యలో స్ప్రింగులున్న బరువైన చక్రం. కారు పేరు రాయడం లేదు. ఆరు గేర్లతో, ఆయిల్‌లో తిరిగే రెండు క్లచ్‌లతో వచ్చే గేర్‌బాక్స్‌ను డీజిల్ ఇంజనుకు జతచేసిన కార్లు చాలానే ఉన్నాయి, వాటన్నిటికీ ఈ మాటలు కొంతో గొప్పో వర్తిస్తాయి.

కొన్న కొత్తలో కనిపించిన ప్రతివారి దగ్గరా ఈ గేర్‌బాక్స్‌ను పొగిడాను. ఒక క్లచ్ వదులుతుండగానే రెండోది అందుకుంటుంది కాబట్టి గేరు ఎప్పుడు మారిందో తెలియదు. భువనగిరి, జనగామ మీదుగా వచ్చే దారిలో కాస్త వేగం అందుకోగానే పై గేరులోకి వెళ్లిపోయి, ఇంజనును 1,300, 1,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే ఉంచి, చప్పుడు లేకుండా లాక్కుపోయేది. మైలేజీ కూడా అందువల్లే బాగా వచ్చేది. ఆ పొగడ్తను ఇప్పుడు కొంత తగ్గించుకోవలసి వస్తోంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంక్‌షాఫ్ట్, అంటే ఇంజను తిప్పే ప్రధాన ఇరుసు, ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు ఇంధనం మండుతుంది, అంటే కారు ఆగి ఇంజను ఊరికే తిరిగే 800 ఆర్‌పీఎం ఐడిలింగ్‌లో సెకనుకు దాదాపు 27 తోపులు. డీజిల్‌లో ఒక్కో తోపు బలమైనది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లాగమంటే ఆ తోపులు విడివిడిగా, గట్టిగా తగులుతాయి. ఫ్లైవీల్ రెండు భాగాల మధ్య గ్రీజులో ఉండే వంపు స్ప్రింగులే ఆ దెబ్బలను మింగి, గేర్‌బాక్స్‌కు సాఫీ తిప్పుడును అందిస్తాయి. నేను మెచ్చుకున్న ఆ మెత్తదనం సగం గేర్‌బాక్స్ నేర్పు, సగం ఆ స్ప్రింగుల చాకిరీ.

మొదట చప్పుడు విన్నది 2024 ఫిబ్రవరిలో, మేడారం జాతరకు పోయే దారిలో. పస్రా దాటాక నార్లాపూర్ వైపు బండ్లు అడుగులో అడుగు వేస్తున్నాయి. ఎండకు ఏసీ ఆపే వీలు లేదు. కారు ఆగి ఉన్నప్పుడల్లా కింద నుంచి రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగల వినిపించింది. ఆ ఒక్క ప్రయాణమే దాన్ని పాడుచేసిందని అనను, అప్పటికే లక్ష కిలోమీటర్లు దాటిన బండి అది. అయితే ఆ రోజు నుంచి చప్పుడు తగ్గలేదు. పార్క్‌లో, న్యూట్రల్‌లో ఎక్కువగా వినిపించేది, 1,500 ఆర్‌పీఎం దాటితే మాయమయ్యేది. ఇంజను ఆపిన క్షణంలో మాత్రం ‘ధడక్’మని ఒక దెబ్బ.

హైదరాబాద్‌లోని సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూసి లోపమేమీ నమోదు కాలేదన్నారు. కాదు కూడా, స్ప్రింగుల అరుగుదలను నేరుగా కొలిచే సెన్సర్ ఆ కారులో లేదు. అయినా క్లచ్‌ప్యాక్ (ఆ రెండు క్లచ్‌ల జత), మెకట్రానిక్స్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) రెండూ మార్చాలని, విప్పి చూడకుండానే అంచనా కాగితం చేతిలో పెట్టారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే. ఆ గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ 60,000 కిలోమీటర్లకు మార్చాలని సర్వీస్ పట్టికలో ఉంది, నేను మార్పించాను కూడా. ఫ్లైవీల్‌ను చూడమని మాత్రం అందులో ఒక్క వరుస లేదు. అరిగే వస్తువును అరగని వస్తువుగా లెక్కగట్టి అమ్మడం నాకు నచ్చలేదు.

వరంగల్‌కు తిరిగొచ్చాక ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్‌కు చూపించాను. ఆయన ముందు సిలిండర్లలోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల రీడింగులు చూశాడు. ఒక సిలిండరులో ఇంధనం హెచ్చుతగ్గులుగా పడినా ఇలాంటి ఊపే వస్తుందట. అవి సరిగానే ఉన్నాయి. తర్వాత ఫ్లైవీల్‌ను కప్పి ఉంచే బెల్‌హౌసింగ్‌కు ఒక రాడ్ ఆనించి, రెండో కొన చెవి దగ్గర పెట్టుకుని, ఇంజను మీద భారం మారేలా ఏసీ వేయించి, తీయించి విన్నాడు. “సార్, గేర్‌బాక్స్‌ల ఏం లేదు. ఫ్లైవీల్ లోపల స్ప్రింగులే కొట్టుకుంటానయ్” అన్నాడు. గేర్‌బాక్స్ దింపితే తప్ప ఆ భాగం కంటికి కనబడదు కాబట్టి కూలీ ఖర్చు పెద్దదే. దింపాక చూస్తే గ్రీజు బయటికి చిమ్మి నల్లగా అట్టకట్టి ఉంది. కొత్తదాన్ని చేత్తో తిప్పబోతే కొద్దిగా కదిలి స్ప్రింగు ఎదురునిలుస్తుంది, పాతది ఏ అడ్డూ లేకుండా తిరిగి చివర ‘టక్’మంది. ఈ రకం గేర్‌బాక్స్‌లో క్లచ్ ఫ్లైవీల్ మీద రాపిడి పెట్టదు, స్ప్లైన్‌లతో, అంటే ఒకదానిలో ఒకటి ఇమిడే గాడి పళ్లతో, కలుస్తుంది అంతే. అందువల్ల క్లచ్‌ప్యాక్‌కు ఏమీ కాలేదు, దాన్ని ముట్టనే లేదు.

రీకండిషన్ చేసినది సగం ధరకు తెప్పిస్తామని ఒకరు, స్ప్రింగులు లేని గట్టి ఫ్లైవీల్ వేయించుకుంటే మళ్లీ బెడదే ఉండదని మరొకరు సలహా ఇచ్చారు. రెండోది డ్యూయల్ క్లచ్ బండికి పొసగదు. తర్వాతి గేరు ముందే పట్టుకుని ఉండే పెట్టెలోకి డీజిల్ దెబ్బలన్నీ నేరుగా పంపితే గేర్ల పళ్లే గలగలలాడతాయి. కొత్తదే వేయించాను, బోల్టులు కూడా కొత్తవే. అవి బిగింపులో సాగేవి, తిరిగి వాడకూడదు. బిల్లు లక్షకు కాస్త తక్కువయింది. సర్వీస్ సెంటర్ అంచనా దానికి ఎన్నో రెట్లు.

ఇప్పుడు కారు మళ్లీ నిశ్శబ్దంగా ఉంది. కాజీపేట వంతెన మీద బండ్లు ఆగితే వీలున్నంతవరకు ఇంజను ఆపేస్తున్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు మాన్యువల్‌లో పెట్టి ఒక గేరు తగ్గిస్తున్నాను. దీనివల్ల ఎంత లాభమో ఇంకొక లక్ష కిలోమీటర్లు తిరిగితే గాని తేలదు. నా తిరుగుడు ఎక్కువగా హైవే మీదే కాబట్టి, నమ్మకమైన మెకానిక్ ఊళ్లోనే దొరికాడు కాబట్టి ఈ బండిని ఉంచుకున్నాను. రోజంతా చౌరస్తాల మధ్యే తిరిగేవారికి ఇదే మాట చెప్పలేను.

ఇలాంటిదే ఒక సెకండ్‌హ్యాండ్ కారు చూశానని మొన్న కరీంనగర్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. రోజూ రామగుండం వెళ్లివచ్చేవాడు కాబట్టి వద్దనలేదు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లి, అద్దాలు దించి, పాటలు ఆపి, పార్క్‌లో కాసేపు వినమన్నాను. ఆపేటప్పుడు ఆ దెబ్బ వినిపిస్తే, అడిగిన ధరలోంచి ఫ్లైవీల్ ఖర్చు తీసేసి అక్కడి నుంచి బేరం మొదలుపెట్టమన్నాను.