పదేళ్లు దాటిన రంగు వేయని వార్‌గేమింగ్ బొమ్మలు: హన్మకొండ నుంచి నా సమీక్ష

హన్మకొండలో మా ఇంటి వెనక గదిలో ఒక గోడ మొత్తం రంగు వేయని వార్‌గేమింగ్ మినియేచర్లే ఉంటాయి, అంటే బల్ల మీద యుద్ధం ఆడేందుకు మనమే అతికించి రంగు వేసుకునే చిన్న సైనిక బొమ్మలు. పదేళ్లకు పైగా కొంటూ వచ్చినవి, వెయ్యి దాటి కూడా చాలా కాలమైంది. ఈ మధ్య అన్నీ కిందికి దించి, ప్రతి పెట్టె తెరిచి, ఏది ఏ స్థితిలో ఉందో లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పెట్టె విప్పిన రోజే రాసే సమీక్షలు ఎన్నో దొరుకుతాయి. మన ఎండలకూ వానలకూ ఏళ్ల తరబడి తట్టుకుని నిలిచిన బొమ్మ గురించి చెప్పేవాళ్లు కనబడరు. కొనాలనుకునేవాళ్లకు ఆ సంగతే ఎక్కువ అవసరమని నా నమ్మకం.

ముందు లెక్క గురించి. బొమ్మలు ఎన్ని ఉన్నాయని చూస్తే ఏమీ తేలదు, ఎంత పని మిగిలిందో చూడాలి. వార్‌హామర్ 40,000 అనే భవిష్యత్ యుద్ధాల ఆటలోని కవచధారి సైనికుడు స్పేస్ మెరైన్‌నే తీసుకోండి. భుజాల కవచానికి చుట్టూ అంచు, ఛాతీ మీద గద్ద, కంటి అద్దాలు, తుపాకీ, నడుముకు వేలాడే సంచులు, దేని రంగు దానిదే. శ్రద్ధగా వేస్తే ఒక్కడికే ఒక సాయంత్రం పడుతుంది. అదే ఆటలో టిరనిడ్ అనే పురుగుల్లాంటి గ్రహాంతర జీవుల గుంపులకు చర్మం, పైపెంకు, గోళ్లు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. సిటడెల్ వాళ్లు 2019లో తెచ్చిన కాంట్రాస్ట్ రంగును తెల్ల ప్రైమర్ (రంగుకు ముందు పట్టించే తొలి పూత) మీద ఒక పూత వేస్తే చాలు, గుంటల్లోకి ముదురుగా దిగి, మిట్టల మీద పలచగా నిలుస్తుంది. ఒకే సాయంత్రం పది టిరనిడ్లు అయిపోతాయి. అంటే పది మెరైన్ల పెట్టె, వంద టిరనిడ్ల అట్టపెట్టె నా పుస్తకంలో సమానం. ఇలా సాయంత్రాల్లో రాసుకున్నాక గోడ మొత్తం వేరేగా కనబడింది. గదిలో సగం జాగా ఆక్రమించిన గుంపులు నిజానికి ఒక చలికాలం పని. కింది అరలో నాలుగే పెట్టెలుగా ఉన్న మెరైన్లకు రెండు చలికాలాలు కావాలి.

నోట్‌బుక్‌లో రెండో గడి, బొమ్మ ఏ దశలో ఉందన్నది. స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్) మీదే ఉన్నవి, సగం అతికించినవి, పూర్తిగా అతికించినవి, ప్రైమర్ పడ్డవి అని నాలుగుగా విడగొట్టాను. పదేళ్ల తర్వాత అన్నింటికన్నా క్షేమంగా ఉన్నవి స్ప్రూ నుంచి కత్తిరించనివి. ఫ్రేమ్ చుట్టూ కాపలా ఉంటుంది, ఈటె వంగదు, గోరంత చెయ్యి ఎటూ పోదు. అన్నింటికన్నా ఎక్కువ నష్టం సగం అతికించినవాటికే. యాంటెన్నాలు, కత్తి మొనలు, జెండా కర్రలు సంచి అడుగున విరిగి పడి ఉంటాయి. ఏ చెయ్యి ఏ మొండేనిదో తేల్చడానికే ఒక పూట పడుతుంది. కొన్నవి దాచుకోవాలంటే కత్తిరించకండి. కత్తిరిస్తే ఆ పెట్టె పూర్తయ్యేదాకా ఇంకోదాన్ని ముట్టకండి.

ఇక పదార్థాలు. గట్టి పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కు మా ఊళ్లో పూర్తి మార్కులు. మే నెలలో 44 డిగ్రీల దాకా కాగే గదిలో ఉన్నా ఒక్క కాలు వంగలేదు. ప్లాస్టిక్ సిమెంటుతో అతికించిన కీళ్లు అలాగే ఉన్నాయి. ఆ జిగురు రెండు ముక్కల అంచుల్నీ కొద్దిగా కరిగించి ఒకే ముక్కగా చేస్తుంది కాబట్టి తర్వాత ఊడే ప్రశ్నే లేదు. అచ్చులో పోసి గట్టిపరిచే రెసిన్ సంగతి వేరు. ఒక చిన్న కంపెనీ దగ్గర తెప్పించిన రెసిన్ ఈటెగాళ్లలో చాలామంది ఈటెలు విల్లులా వంగిపోయాయి. దీనికి మందు ఉంది. గ్లాసులో వేడి నీళ్లు పోసి ఈటెను కాసేపు ముంచితే మెత్తబడుతుంది. బల్ల అంచున పెట్టి నిటారుగా సాగదీసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. పని చేస్తుంది గానీ ప్రతి ఈటెకూ చేయాలి, అది కూడా సాయంత్రాల లెక్కలోకే వస్తుంది. రెసిన్‌కు ప్లాస్టిక్ సిమెంటు పట్టదు, సూపర్ గ్లూయే కావాలి. అతికించే ముందు సబ్బు నీళ్లతో కడగాలి, లేకపోతే అచ్చు నుంచి అంటిన జిడ్డు మీద రంగు నిలవదు. తెల్ల లోహం బొమ్మలు ఎండకు చలించవు. సీసం ఎక్కువగా ఉన్న పాతవైతే చెక్క బీరువాలో పెట్టొద్దు. కొన్ని రకాల చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా మారిపోతుంది. నావి మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి.

అందరికీ చూపించాలనిపించేది మోల్డ్ లైన్, అచ్చు రెండు సగాలు కలిసే చోట బొమ్మ మీద మిగిలే గీత. పెట్టె మీది ఫొటోలో అది కనబడదు. కిటికీ పక్కన నిలబడి బొమ్మను అడ్డంగా తిప్పితే, చెంప నుంచి మెడ దాకా, మెడ నుంచి చేతి దాకా వెంట్రుకంత గీత వెలుగును పట్టుకుంటుంది. బ్లేడును కోసేటట్టు కాకుండా, దాని వీపుతో గీకాలి. సన్నటి పొడి రాలుతుంది, గీత పోతుంది. అశ్రద్ధ చేస్తే కాంట్రాస్ట్ రంగు సరిగ్గా ఆ గీత వెంబడే చేరి ముఖం మీద గాటులా నిలుస్తుంది. పెర్రీ మినియేచర్స్ ప్లాస్టిక్‌లో ఈ గీత చాలా తక్కువ. నాటింగ్‌హామ్‌లోని ఆ ఇద్దరు అన్నదమ్ముల శిల్పాలను ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నా నాకు విసుగు రాదు. గుడ్డ మడత గుడ్డలాగే పడుతుంది, తుపాకీ బరువు భుజం మీద కనబడుతుంది.

ప్రైమర్‌కు మన దగ్గర కాలం చూసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో గాలి తేమకు స్ప్రే మీద తెల్లటి మసక కమ్ముతుంది. ఏప్రిల్, మే నెలల్లో తుంపర దారిలోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసుక రేణువుల్లా పడుతుంది, అలా పడ్డ ముఖాన్ని బాగుచేయడం కష్టం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిచాక, పొద్దున పది గంటల లోపు మేడ మీద స్ప్రే చేయడం ఉత్తమం. వానాకాలంలో ఆగలేకపోతే వయేహో కంపెనీ ప్రైమర్‌ను కుంచెతో పలచగా రెండు పూతలు వేయండి. ప్రైమర్ ఎందుకని అడిగేవాళ్లకు నేను నిర్మల్ బొమ్మల్ని చూపిస్తాను. పొణికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు కప్పి, తెల్ల సుద్ద పట్టించాకే అక్కడివాళ్లు రంగు ముడతారు. మన ఉత్తర తెలంగాణ చేతులకు ఈ విద్య కొత్తది కాదు.

ఏళ్లపాటు దాచితే ఆటే మారిపోవచ్చు. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు. స్పేస్ మెరైన్ కాళ్ల కింది పీట, అంటే బేస్, 25 మిల్లీమీటర్ల నుంచి 32కు పెరిగింది. 2017లో ప్రైమారిస్ అనే పెద్ద సైజు మెరైన్లు వచ్చాక పాత మెరైన్లు వాళ్ల పక్కన పొట్టిగా కనిపిస్తున్నారు. వార్‌హామర్ ఫాంటసీ ఆటను 2015లో ఆపి దాని స్థానంలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ ఆటతో గుండ్రటి బేస్‌లు తెచ్చారు. 2024లో ది ఓల్డ్ వరల్డ్ అనే ఆటతో చదరపు బేస్‌లు తిరిగొచ్చాయి, అదీ మామూలు సిపాయికి 20 బదులు 25 మిల్లీమీటర్లతో. అందుకే నా సలహా, రంగు వేసే రోజుదాకా బేస్‌ను అతికించకండి, అదే సంచిలో విడిగా ఉంచండి. చారిత్రక బొమ్మలకు ఈ బెడద తక్కువ. 1815లో వాటర్లూలో నిలబడిన ఫ్రెంచి సిపాయి కోటును ఏ కొత్త ఎడిషనూ మార్చలేదు. పదేళ్లు ఆగినా విలువ తగ్గనిది చారిత్రక బొమ్మల అరే.

కాగితం గురించి రెండు మాటలు. మా వైపు చెదలు గోడలోంచి వస్తాయి, అట్టపెట్టెను తింటాయి, లోపలి సూచనల కాగితాన్నీ వదలవు. నీళ్లతో అంటించే డెకాల్ షీట్లు తేమకు పసుపెక్కి, అంటించబోతే ముక్కలవుతాయి. వాటిని వేరు చేసి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో వేసి, స్టీలు బీరువాలో పెడితే నిలుస్తాయి.

ధర సంగతి కూడా చెప్పాలి. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక చిన్న పెట్టెతో మొదలుపెట్టి, మిగతాది ఇక్కడే 3డీ రెసిన్ ప్రింట్ చేయించుకోవడం మేలు. ప్రింట్ నాణ్యత ఇప్పుడు బాగా ఎదిగింది. కాకపోతే సన్నటి కత్తులు పెళుసుగా ఉంటాయి, తోడుకు ఒకటి అదనంగా చేయించుకోండి.

సాయంత్రాల లెక్క చూశాక కొన్ని ఇచ్చేశాను. టిరనిడ్ల అట్టపెట్టె తీసుకోవడానికి కాజీపేట నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, మాతో ఆడేవాడే.

“అన్నా, సగం బొమ్మలు స్ప్రూ నుంచి కత్తిరియ్యనే లేదు, ఎందుకిస్తున్నవ్?”

“నువ్వైతే ఈ చలికాలంలనే ఏస్తవ్ తమ్మీ. నాకు మెరైన్లే రెండేండ్లు పడ్తయ్.”

డిసెంబరులో ఆట ఆడదామన్నాడు. అప్పటికి ముప్పై బొమ్మలకు రంగు పడాలని షరతు పెట్టాను, ఒప్పుకున్నాడు.

ఉంచుకున్నవాటిలో నా మనసు పూర్తిగా నిలిచింది మధ్యయుగపు గుర్రపు విలుకాళ్ల మీద. ఓరుగల్లు ముట్టడిని బల్ల మీద ఆడాలని వాటిని కొన్నాను. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ దండు వచ్చినప్పుడు ముందు ఎదురైంది మట్టికోట, దాని లోపల రాతికోట, రెంటికీ కందకాలు. ఆ కోట గోడలు ఇప్పటికీ మా ఊళ్లో నడిచి చూడొచ్చు, వంపు ఎక్కడ ఎలా తిరుగుతుందో కొలిచి థర్మాకోల్ మీద గీసుకున్నాను కూడా. కాకతీయ సైనికులకు తగిన తలలు రెసిన్‌లో ప్రింట్ చేయించాలి, మొండేలకు వాడే ప్లాస్టిక్ ఇప్పటికే చేతిలో ఉంది. గుర్రాలకు గోధుమ, నలుపు, బూడిద మూడు రంగులే కాబట్టి వాటి పని తొందరగా తెములుతుంది. సంక్రాంతి లోపు గుర్రాలన్నింటికీ ప్రైమర్ కొట్టి, విలుకాళ్లను తర్వాత పట్టుకుంటాను.