పబ్లిక్ ప్రోగ్రామ్ అన్నారు, పబ్లిక్‌కే కుర్చీల్లేవు

వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ మీద "అందరూ ఆహ్వానితులే, ప్రవేశం ఉచితం" అని ఉంది కాబట్టే వెళ్లాం. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు సెప్టెంబర్ 17 (1948లో నిజాం భారత సైన్యానికి లొంగిపోయిన రోజు) హడావుడిలో పెట్టిన రెండు రోజుల ప్రోగ్రామ్. తెలంగాణ సాయుధ పోరాటం (దొరల మీద, నిజాం మీద కమ్యూనిస్టుల వెంట రైతులు చేసినది), దేశంలో మొదటి ఎన్నికలు, ప్రజాస్వామ్యం, ఇవీ టాపిక్‌లు. ఏ యూనివర్సిటీయో రాయను, ఈ జబ్బు ఒక్కచోట ఉన్నది కాదు కనుక. నాతో మా అత్తమ్మ కూడా వచ్చింది. వాళ్లది జనగామ వైపు ఊరు. 1946 జూలై 4న ఆ పోరాటంలో మొదటి అమరుడు దొడ్డి కొమరయ్య తూటా దెబ్బకి పడిపోయిన కడవెండి వాళ్లకి దగ్గరే, పోస్టర్ మీద ఆ పేరు చదివి వినిపిస్తే "నేను గూడ వస్త" అని చీర మార్చుకుంది.

ముందు తిట్టాల్సినవి తిట్టేస్తా. పదింటికన్న సభ పదకొండుంబావుకి మొదలైంది. జ్యోతి వెలిగించడం, బొకేలు, శాలువాలు. ఊరికే ఉండలేక లెక్కపెట్టాను, పద్నాలుగు శాలువాలు. ముందు మూడు వరుసల కుర్చీలకి రిజర్వుడ్ అని కాగితాలు అంటించారు, మధ్యాహ్నం దాకా అందులో సగం ఖాళీయే. అత్తమ్మ ఒకదాంట్లో కూర్చోబోతే వలంటీర్ పిల్లాడు వచ్చి "ఆంటీ, అవి గెస్టులవి" అన్నాడు, పాపం వాడికి చెప్పమన్నది వాడు చెప్పాడు. ఆమె వెనక మెట్ల మీద కూలబడి "గడీల గూడ మా అవ్వోళ్లను గిట్లనే నిలవెట్టేటోళ్లట" అంది (గడీ అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు). పక్కనున్న కుర్రాళ్లు ఫక్కున నవ్వారు.

మొదటి సెషన్ వెట్టి చాకిరీ మీద. హాల్లో సగం మంది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, స్టేజీ మీద అంతా ఇంగ్లీషు, అదీ కాగితంలోంచి తల ఎత్తకుండా. నాగు అంటే ఏంటో (గింజలు అప్పు తెచ్చుకుని కోతలప్పుడు వడ్డీతో సహా గింజలే కొలిచివ్వడం), లెవీ ధాన్యం (సర్కారుకి తప్పనిసరిగా కొలవాల్సిన గింజలు) పేరుతో ఇళ్లలోంచి ఎలా గుంజుకుపోయేవాళ్లో అత్తమ్మ ఆ మెట్ల మీదే కుర్రాళ్లకి చెప్పింది, స్టేజీ మీద కంటే అక్కడే బాగా అర్థమైంది. రెండో సెషన్‌లో సెప్టెంబర్ 17ని ఏమని పిలవాలన్న పంచాయితీ. కేంద్రం విమోచన దినం అంటోంది, రాష్ట్రంలో 2022లో సమైక్యతా దినం అన్నారు, 2024లో ప్రజాపాలన దినోత్సవం అన్నారు, విలీనం అనేవాళ్లు, విద్రోహం అనేవాళ్లు వేరే. నలభై నిమిషాలు పేరు మీదే గడిచిపోయాయి, ఆ రోజు తర్వాత ఊళ్లల్లో ఏం జరిగిందన్న దాకా ఎవరూ రాలేదు.

దాని గురించి మాట్లాడింది ఒక్క రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి, ఆమెకిచ్చింది పదిహేను నిమిషాలు. తెలుగులో, కాగితం లేకుండా. 1948లో సైన్యం వచ్చి ఐదు రోజుల్లో నిజాం లొంగిపోవడం అందరికీ తెలిసిన కథే, ఆ వెంటనే మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక ఏళ్ల తరబడి బయటికి రాలేదని, చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అందులో రాశారని చెప్పింది. రజాకార్ల (నిజాం వైపు నిలిచిన ప్రైవేటు సేన) దౌర్జన్యాలు కూడా దాచలేదు. సైన్యం అక్కడితో ఆగకుండా దున్నుకుంటున్న భూముల నుంచి రైతుల్ని వెళ్లగొట్టే పనికి కూడా ఎలా తోడైందో, పోరాటం 1951 దాకా ఎందుకు సాగిందో చెప్తుంటే హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే "టైమైంది" అని చీటీ పంపారు. శాలువాలకి టైముంది మరి.

ఇక బాగున్నది. హాలు బయట వరండాలో ఎగ్జిబిషన్ పెట్టారు, దానికోసమైనా వెళ్లొచ్చు. పాలకుర్తి ఐలమ్మ పంట మీదికి దొర గూండాలని పంపితే సంఘం (ఊళ్లల్లో పోరాటం నడిపిన ఆంధ్ర మహాసభ) వాళ్లు తరిమి గింజలు ఆమె ఇంటికి చేర్చిన కథ పెద్ద అక్షరాల్లో తెలుగులో రాశారు. (2024లో కోఠీ మహిళా యూనివర్సిటీకి ఐలమ్మ పేరు పెట్టారు. మేం వెళ్లింది అక్కడికి కాదులెండి.) ఇంకో బోర్డు మీద 1951 అక్టోబర్ 21న పోరాట విరమణ, నాలుగు రోజులకి అక్టోబర్ 25న హిమాచల్‌లో దేశంలోనే మొదటి ఓటు, రెండు తేదీలూ పక్కపక్కన. నాకు ఎప్పుడూ తట్టలేదు ఇది. తుపాకీ దించినవాళ్లు కొన్ని నెలల్లోనే ఓటు అడగడానికి వెళ్లారు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు, నల్గొండలో రావి నారాయణరెడ్డికి 3 లక్షలు దాటి ఓట్లొచ్చాయి, నెహ్రూకి వచ్చినవాటి కంటే ఎక్కువ. అయితే రెండూ ఇద్దరేసి ఎంపీల స్థానాలు, ఓటరుకి రెండేసి ఓట్లు. ఆ సంగతి కూడా కింద రాశారు, అది నచ్చింది నాకు, మామూలుగా గొప్ప చెప్పేసి వదిలేస్తారు.

దాని పక్కన నమూనా పోలింగ్ బూత్. అప్పట్లో బ్యాలెట్ మీద ముద్ర వేయడం లేదు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, గుర్తు చూసి చీటీ అందులో వేయడమే. నూనె డబ్బాలకి సందు కోసి, ఎద్దు, చెట్టు, దీపం బొమ్మలు అంటించి, పాత దుప్పటి అడ్డం కట్టారు. ఒక బుడ్డోడు చీటీ లోపల వేయకుండా డబ్బా మీద పెట్టి వచ్చేశాడు, అప్పుడు కూడా చాలామంది అట్లాగే చేసి ఉంటారు.

ఆ బూత్ దగ్గరే ఇంకో బోర్డు: మొదటి ఓటరు జాబితాలో 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు కొట్టేశారు, సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయించుకున్నందుకు. ఎక్కువ మంది బిహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపు వాళ్లే. నేను చదివి చెప్తే అత్తమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. "మా అవ్వను ఊరంత మల్లయ్య పెండ్లామనే పిలిచేటోళ్లు. అవ్వ అసలు పేరు నా పెండ్లి పత్రిక అచ్చేసినప్పుడు తెల్సింది నాకు" అంది. ఈ మాట మైకులో చెప్పించాలనిపించింది. రెండో రోజు సాయంత్రం "ప్రజల మాట" అని గంట పెట్టారు కూడా, పైవాళ్ల ప్రసంగాలు సాగీ సాగీ అది పావుగంటకి కుదించుకుపోయింది, ముగ్గురు మాట్లాడగానే వందన సమర్పణ. అత్తమ్మ నంబరు ఏడో ఎనిమిదో.

భోజనం కూపన్ ఆన్‌లైన్‌లో రిజిస్టరైనవాళ్లకే, ఆ సంగతి పోస్టర్‌లో లేదు. గేటు బయట మిర్చిబజ్జీ బండి ఉంది, అదే దిక్కు. బస్టాప్ నుంచి హాలు దాకా బాగా నడవాలి, పెద్దవాళ్లుంటే ఆటో లోపలికి తీసుకెళ్లండి, గేటులో అడిగితే వదులుతున్నారు. ఎగ్జిబిషన్‌కి, బూత్‌కి ఐదుకి నాలుగున్నర, స్టేజీకి ఒకటిన్నర, ఆ ఒకటిన్నర కూడా స్కాలర్ అమ్మాయికే. వచ్చే ఏడాది పెడితే పొద్దున వెళ్లొద్దు, మూడింటికి వెళ్లి వరండాలోనే ఉండండి.

అత్తమ్మ బూత్‌లోకి వెళ్లి చీటీ మడిచి వేసి, దుప్పటి సర్ది మరీ బయటికొచ్చింది. ఎవరికి వేసినవత్తమ్మా అని అడిగితే "ఓటెట్ల జెప్తరే" అంది. ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉన్నా, చెప్పలేదు.