ఐదేళ్లు, 86 వేల కిలోమీటర్లు: కారుతో వచ్చిన స్టీరియో ఎలా ఉందంటే

కారు డెలివరీ రోజు షోరూం కుర్రాడు స్టీరియో ఆన్ చేసి, బాస్ చివరిదాకా తోసి, తీన్మార్ బీట్ ఒకటి పెట్టి "ఎట్లుంది సార్?" అన్నాడు. డోర్లు దడదడలాడాయి. నేనూ మా తమ్ముడూ ఒక్కసారే "అదిరింది" అన్నాం. ఆ మాట తప్పని తెలియడానికి రెండు నెలలు పట్టింది. అయినా ఆ స్టీరియో తీసిపారేయాల్సిందేమీ కాదని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

మాది చిన్న హ్యాచ్‌బ్యాక్, మధ్య రకం వేరియంట్. ఏడంగుళాల టచ్ స్క్రీన్, నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు. టాప్ వేరియంట్‌కు ముందు అద్దం మూలల్లో ఇచ్చే ట్వీటర్లు, అంటే సన్నటి ధ్వనులు పలికే చిన్న స్పీకర్లు, దీనికి లేవు. ఉండేది ఎల్బీనగర్‌లో, ఉద్యోగం విత్తనాల కంపెనీలో ఫీల్డ్ పని. నెలకు మూడు నాలుగు సార్లు 65వ నంబరు హైవే ఎక్కి సూర్యాపేట, కోదాడ, ఒక్కోసారి విజయవాడ దాకా పోయొస్తాను. ఇంట్లో పాటలు వినే తీరిక లేదు. నాకు తెలిసిన సంగీతమంతా ఈ నాలుగు స్పీకర్లలోంచి వచ్చిందే.

కంపెనీ స్టీరియో గురించి ఎవరిని అడిగినా రెండే జవాబులు. "అది వేస్ట్ అన్నా, పీకి కొత్తది వేయించు" అని ఒకరు, "పాట వినపడుతోంది కదా, ఇంకేం కావాలి" అని ఇంకొకరు. మొదటివాళ్ల మాట నమ్మి ముప్పై వేలు పక్కన పెట్టుకున్నాను కూడా. ఆ డబ్బు తర్వాత ఇంట్లో ఇన్వర్టర్‌కు పోయింది. ఇప్పుడు చూస్తే అదే మంచిదైంది.

మొదటి రెండు నెలలు బొంగురు ధ్వనులు పెంచే బాస్ ప్లస్ ఐదు, సన్నటి ధ్వనులు పెంచే ట్రెబుల్ ప్లస్ నాలుగు పెట్టుకుని తిరిగాను. పంతంగి టోల్ దాటేసరికి తల బరువెక్కేది. సూర్యాపేట చేరేలోపు ఆపేయాలనిపించేది. కారణం రోడ్డే అనుకున్నాను, నిద్ర చాలకపోవడం అనుకున్నాను. ఒకరోజు వెనక సీట్లో కూర్చున్న అమ్మ తేల్చేసింది. "ఏందిరా ఆ పాట, కుండలో తలపెట్టి పాడినట్టుంది" అంది.

ఆ కుండ మాట నా బుర్రలో ఉండిపోయింది. పాటలో గాయకుడి గొంతు అసలు ఎలా ఉంటుందో మనకు తెలియదు, స్టూడియోలో దాన్ని ఎంత మార్చారో తెలియదు. కానీ అమ్మ గొంతు తెలుసు. మర్నాడు ఇంట్లో, కారు బ్లూటూత్ జోలికి పోకుండా, ఫోన్‌లో అమ్మ చేత గోంగూర పచ్చడి ఎలా చేయాలో రెండు నిమిషాలు చెప్పించి రికార్డు చేశాను. కిందికి వెళ్లి కారులో అదే పెట్టాను. నిజంగా కుండే! డెబ్బై కిలోల మగవాడెవడో అమ్మ యాసలో పచ్చడి చెబుతున్నట్టుంది. "పచ్చిమిర్చి", "చింతపండు" అన్నప్పుడల్లా ఆ చ దగ్గర చెవిలో సూది గుచ్చినట్టుంది.

అక్కడే కూర్చుని ఒక్కో మెట్టు మార్చుతూ పోయాను. బాస్ సున్నాకు దించితే కుండ కాస్తా ఇత్తడి చెంబయింది. మైనస్ ఒకటికి దించి, ఆ రెంటి మధ్య ధ్వనుల మిడ్ ప్లస్ ఒకటి చేస్తే అమ్మ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ట్రెబుల్ మాత్రం అనుకున్నంత తగ్గించాల్సిన పని పడలేదు. ట్వీటర్లు లేని కారులో స్పీకర్లు మోకాళ్ల దగ్గరుంటాయి. సన్నటి ధ్వనులు టార్చిలైటు వెలుగులాగా సూటిగా పోతాయి కాబట్టి అవి మన మోకాలికి తగులుతాయి తప్ప చెవిదాకా పూర్తిగా రావు. ప్లస్ రెండు దగ్గర చ, స, శ అన్నీ శుభ్రంగా పలికాయి. మూడు దాటితే మళ్లీ సూదే.

బాస్ పెంచితే పాట చెడిపోవడానికి చెవితో పాటు కరెంటు లెక్క కూడా ఒకటుంది. స్టీరియోల మీద "50 వాట్లు ఇంటూ 4" అని గొప్పగా రాస్తారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు కరెంటు పద్నాలుగు వోల్టుల చిల్లర, స్పీకరు నాలుగు ఓములు. పవర్ పెంచే ఆంప్లిఫయర్ విడిగా పెట్టకుండా ఆ కరెంటుతో ఒక్కో స్పీకరుకు శుభ్రంగా అందేది ఓ 15 నుంచి 20 వాట్లు. బాస్‌ను మూడు డెసిబెళ్లు పెంచితే అక్కడ రెట్టింపు పవర్ కావాలి, ఆరు పెంచితే నాలుగింతలు. ఉన్నది ఇరవై వాట్లు. మద్దెల దెబ్బ దగ్గరే అంతా ఖర్చయిపోతే గొంతుకు ఏం మిగులుతుంది? గరగర తప్ప. అందుకే ఇప్పుడు నా పద్ధతి ఒకటే. ఏదన్నా తక్కువ వినిపిస్తే దాన్ని పెంచే ముందు, దాన్ని కప్పేస్తున్నదేదో చూసి అది తగ్గిస్తాను. రాక్, జాజ్, పాప్ అని స్క్రీన్ మీద ఉండే రెడీమేడ్ సెట్టింగుల జోలికి ఐదేళ్లలో మళ్లీ పోలేదు.

గొంతు కుదిరాక పాటల వంతు. ఘంటసాల గారి పాత పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవి, అంటే రెండు వైపులా ఒకే ధ్వని. కారు నడుపుతూ అవి వింటే గొంతు నా ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద నుంచి రావాలి. నాకేమో కుడి మోకాలి దగ్గర నుంచి వచ్చేది. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు, కుడి స్పీకరు దగ్గర, ఎడమది దూరం. టేపుతో కొలిచాను, తేడా సుమారు 60 సెంటీమీటర్లు. దగ్గరి స్పీకరు ధ్వని ఎక్కువగానే కాదు, ముందుగా కూడా అందుతుంది. పెద్ద సిస్టమ్‌లలో దగ్గరి స్పీకరును ఆ కాస్త ఆలస్యం చేసే సెట్టింగ్ ఉంటుంది, నా దాంట్లో లేదు. ధ్వనిని కుడి ఎడమలకు జరిపే బ్యాలెన్స్ ఎడమకు రెండు మెట్లు, ముందు వెనకలకు జరిపే ఫేడర్ ముందుకు మూడు మెట్లు తోస్తే ఘంటసాల గారు మోకాలు వదిలి స్టీరింగ్ పైకి వచ్చారు. పూర్తిగా మధ్యకు రాలేదు, రారు కూడా. వెనక అమ్మ కూర్చున్నప్పుడు ఫేడర్ మధ్యకు తెస్తాను, లేకపోతే "నాకేం వినపడట్లే" అంటుంది.

మృదంగం కచేరీ ఒకటి ఉంచుకున్నాను పరీక్షకు. ఎడమ మూతకు రవ్వ ముద్ద అంటిస్తారు, దాని గుంభనం వేరు, కుడి మూత ఖంగుమనడం వేరు. ఈ రెండూ కలిసి ఒకే ముద్దలా వినిపిస్తే సెట్టింగ్ ఇంకా కుదరనట్టే.

ఇదంతా చేసి సంబరపడ్డాక హైవే ఎక్కితే పాట పలచగా అయిపోయింది. ఎనభైలో పోతున్నప్పుడు టైర్ల మోత, గాలి హోరు ఉంటాయి కదా, ఆ మోతలో ఎక్కువ భాగం బొంగురు ధ్వనే. అది పాటలోని బాస్‌ను కప్పేస్తుంది. పార్కింగ్‌లో సరిపోయిన మైనస్ ఒకటి హైవేలో చాలలేదు. నకిరేకల్ దగ్గర టీకి ఆగి, మళ్లీ బయల్దేరి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టి అతని చేత మార్పించాను. నడుపుతూ మీరు మార్చొద్దు, టచ్ స్క్రీన్‌తో అది ప్రాణాల మీదికొచ్చే పని. బాస్ ప్లస్ ఒకటి దగ్గర కుదిరింది. వేగం పెరిగితే వాల్యూం తనే పెంచే ఆప్షన్ 'లో' మీద ఉంది. 'హై' పెడితే టోల్ గేట్ దగ్గర బ్రేక్ వేసిన ప్రతిసారీ పాట పాతాళానికి పోతుంది.

ఇంకో సంగతి, నా దాంట్లో వాల్యూం 40 మెట్లలో 26 దాటగానే బాస్ తనంతట తనే తగ్గుతుంది. స్పీకర్లు చిరిగిపోకుండా కంపెనీవాళ్లే అలా పెడతారు. ఇది తెలియక చాలామంది వాల్యూం ముప్పైలో పెట్టి "బాస్ లేదు" అని బాస్ మెట్లు ఎక్కిస్తూ పోతారు. నేనూ ఎక్కించాను.

పాట ఎక్కడి నుంచి పెడుతున్నామన్నదీ లెక్కే. ఫోన్ వాల్యూం సగంలో పెట్టి స్టీరియో వాల్యూం పెంచితే వెనకాల సుయ్ మనే శబ్దం కూడా పెరుగుతుంది. ఫోన్‌ది దాదాపు పూర్తిగా పెట్టి స్టీరియోతో తగ్గించుకోవడం మేలు. ఫోన్‌లో బాస్, ట్రెబుల్ మార్చే ఈక్వలైజర్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, లేకపోతే కూరలో రెండుసార్లు ఉప్పు వేసినట్టవుతుంది. పెన్‌డ్రైవ్‌కూ బ్లూటూత్‌కూ తేడా నాకు కారు ఆగి ఉన్నప్పుడు పాటలో తాళాలు మోగే చోట కొంచెం తెలిసింది, నడుస్తున్నప్పుడు తెలియలేదు. దాని గురించి అంత వాదన అనవసరం. ఫోన్‌ను స్టీరియోకు కలిపే ఆక్స్ వైరు వాడుతూ అదే ఫోన్‌ను ఛార్జింగ్‌లో పెడితే మాత్రం యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ కుయ్ మని ఒక ఈల పెరుగుతూ వస్తుంది. అది స్టీరియో లోపం కాదు, ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ చప్పుడు ఛార్జర్ వైరు గుండా పాటలోకి దూరుతోంది. ఛార్జర్ పీకితే పోతుంది. ఎఫ్ఎం సంగతీ అంతే. హైదరాబాద్ రెయిన్‌బో 101.9 ఊళ్లో చక్కగా వస్తుంది. నగరం దాటి సిగ్నల్ బలహీనపడగానే రేడియో తనే మోనోలోకి మారి ట్రెబుల్ తగ్గించేసుకుంటుంది. స్పీకరు పోయిందని కంగారుపడకండి.

మూడో ఏడు వానాకాలంలో నిజంగానే స్పీకరు పోయింది. ముందు ఎడమ డోర్ వేస్తుంటే లోపల గలగలమని నీళ్ల చప్పుడు. అద్దం మీద పడిన వాన డోర్ లోపలికి దిగి అడుగున ఉన్న సన్నటి కంతల్లోంచి బయటకు పోవాలి. పొలాల దారుల్లో తిరిగే బండి కదా, బురద ఎండి ఆ కంతలు పూడుకుపోయాయి. లోపలి ప్లాస్టిక్ షీటు కూడా ఒకచోట ఊడి ఉంది. స్పీకరులో కదిలే కాగితపు కోన్ నాని, అంచు విడిపోయి, "అమ్మా" అంటే "అమ్ర్ర్మా" అనడం మొదలుపెట్టింది. సర్వీస్ సెంటర్‌లో "స్పీకర్లకు కొంత శబ్దం ఉంటుంది సార్" అన్నారు. నేను బయట కారు స్టీరియోలు బిగించే షాపుకు పోయాను. మూడు వేల చిల్లరకు ముందు జత కొత్తవి వేశారు. ఆ కుర్రాడు ఎడమ వైపు కంపెనీ కప్లర్, అంటే వైర్లు కలిపే ప్లగ్గు, కోసి వైర్లు మెలేసి టేపు చుట్టాడు. నేను ఫోన్ మాట్లాడుతూ చూసుకోలేదు. కప్లర్‌కు సరిపోయే అడాప్టర్ వైరు దొరుకుతుంది, కోయనివ్వకండి. వారంటీలో ఉంటే అసలే వద్దు.

ఇంటికొచ్చి పాట పెడితే కొత్త స్పీకర్లలో బాస్ లేదు. గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియట్లేదు, తల చుట్టూ తిరుగుతోంది. బ్యాలెన్స్ పూర్తిగా కుడికి పెట్టాను, బాస్ ఉంది. పూర్తిగా ఎడమకు పెట్టాను, ఉంది. మధ్యలో పెడితే మాయం. ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారైతే ఇలాగే అవుతుంది. ఒక కోన్ గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, రెండూ కలిసి బాస్‌ను తినేస్తాయి.

ఆదివారం డోర్ ప్యాడ్ ఊడదీసి, స్పీకరు వైర్లు స్టీరియో నుంచి విడదీసి, గోడ గడియారంలో సెల్లు తీసుకొచ్చి ఒక్క క్షణం తాకించాను. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోన్ టప్పున బయటకు దుముకుతుంది, తారుమారైతే లోపలికి పోతుంది. లోపలికి పోయింది. వైర్లు మార్చి బిగించాను. పదిహేను నిమిషాల పని, ఒకటిన్నర వోల్టు సెల్లు. అప్పటిదాకా అమ్మకు టైం తెలియక రెండుసార్లు కేకేసింది.

ప్యాడ్ ఎలాగూ ఊడింది కాబట్టి ముందు రెండు డోర్ల రేకుకు లోపల అదురు అణిచే డ్యాంపింగ్ షీట్లు వేయించాను, కింద నీళ్లు పోయే కంతలు మూయకుండా. నాలుగున్నర వేలయింది. ఈ కారు ఆడియో మీద పెట్టిన డబ్బుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే, కొత్త స్పీకర్లకన్నా కూడా. డోర్ వేస్తే డబ్బా మోత పోయి 'దబ్' మంటోంది, మద్దెల దెబ్బ గట్టిపడింది. షీట్లు లేకుండా స్పీకర్లు మార్చేవాళ్లు సగం డబ్బు రేకును వాయించడానికి ఖర్చుపెడుతున్నట్టే.

మిగిలిన గడగడలకు ఫోన్‌లో కోరిన స్థాయిలో ఒకే ధ్వని మోగించే టోన్ జనరేటర్ యాప్ వేసి, బొంగురు 40 హెర్ట్జ్ నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా జరుపుతూ, తమ్ముడు స్క్రీన్ దగ్గర, నేను కారు చుట్టూ చేత్తో నొక్కుకుంటూ తిరిగాం. 90 దగ్గర వెనక నంబర్ ప్లేటు, 120 దగ్గర వెనక సీటు బెల్టు కొక్కెం, డోర్ పాకెట్‌లో ఐదు రూపాయల బిళ్లలు దొరికాయి. ఫోం టేపు ముక్కలతో పని అయిపోయింది.

ఇక లోపాలు. అరవై హెర్ట్జ్ కింద దీంట్లో ఏమీ లేదు, కొత్త సినిమా పాటల్లో గుండెకు తగిలే బాస్ కావాలంటే ఈ డోర్ స్పీకర్లతో రాదు, బాస్ కోసమే ఉండే పెద్ద స్పీకరు సబ్‌వూఫర్, దానికి ఆంప్లిఫయర్ పెట్టుకోవాల్సిందే. వాల్యూం ముప్పై దాటితే గొంతు చిరుగుతుంది. నలుగురూ అద్దాలు దించుకుని ఊరంతా వినేలా పోయే రకమైతే ఇది మీకు చాలదు. నాలాగా ఒక్కడే గంటల తరబడి నడుపుతూ మాట, పాట స్పష్టంగా వినాలనుకునేవాళ్లకు సరిపోతుంది. ఈ ఎనిమిది వేలలోపు ఖర్చుతో ఇప్పుడు కోదాడ దాకా ఆపకుండా వింటున్నాను.

పోయిన నెల బ్యాటరీ మార్పించాను. బ్యాటరీ వైరు తీయగానే నా స్టీరియోలో సెట్టింగులన్నీ పోతాయి, అందుకని స్క్రీన్ ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంచుకున్నాను. ఆ సాయంత్రం గుర్తులేక అలాగే అమ్మను గుడికి తీసుకెళ్తున్నా. వీధి మలుపు తిరగకముందే వెనక నుంచి, "ఒరే, మళ్లీ కుండ వచ్చిందేందిరా?" అంది.