రెండు బటన్ల ఫ్లష్ ట్యాంకు: పొదుపంతా సీలులోనే
కొత్త భవనాలకు నీటి పొదుపు నిబంధనలున్న చాలాచోట్ల కనిపించేది పెద్ద బటన్‌కు 6, చిన్న బటన్‌కు 3 లీటర్లు వదిలే ఈ 6/3 లీటర్ల ట్యాంకే. కమోడ్ కూడా 6 లీటర్లకు తగ్గట్టు తయారైనదే కావాలి. లేదంటే రెండేసిసార్లు నొక్కాల్సొస్తుంది, పొదుపు కాస్తా గల్లంతు.

అసలు బలహీనత అడుగునున్న రబ్బరు సీలు. ఉప్పు పేరుకున్నా, ఇసుక రేణువు ఇరుక్కున్నా చప్పుడు లేకుండా నీరు కారిపోతూనే ఉంటుంది. ట్యాంకులో నాలుగు చుక్కల ఫుడ్ కలర్ వేసి, ఫ్లష్ నొక్కకుండా 15 నిమిషాలు ఆగండి. రంగు కమోడ్‌లోకి దిగితే సీలు విప్పి కడగాలి. గట్టిపడి ఉంటే మార్చేయడమే. ఎక్కువైన నీటిని కమోడ్‌లోకి వదిలే ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకు 25 మి.మీ. కిందే నీరు ఆగేలా, నీటిపై తేలే ఫ్లోటును సరిచేయాలి.

గోడలో దాచే మోడల్ చూడ్డానికి బాగుంటుంది, సరే. బటన్ల పలక తీస్తే లోపలి వాల్వు చేతికందుతుందో లేదో టైల్స్ వేయకముందే చూసుకోండి.