సీతాకోకచిలుకలకు పూలా ఆకులా, పిట్టలకు గింజలా నీళ్ళా?

పెరట్లోకి సీతాకోకచిలుకలనూ పిట్టలనూ రప్పించి ఫొటోలు తీయాలనుకున్నవారు మొదట తెచ్చుకునేవి సాధారణంగా రెండు: రంగురంగుల పూల మొక్కలు, గింజలు పోసే పళ్ళెం. రెండూ పనిచేస్తాయి, అనుమానం లేదు. అయితే ఉన్న కాస్త చోటులో మొదటి పీట వాటికే వేయాలా? వద్దంటాను. పూల కంటే ముందు గొంగళిపురుగు మేసే ఆకు, గింజల కంటే ముందు నీళ్ళు ఉండాలి. మంచి ఫొటో రావాలంటే ప్రాణి మన ఎదుట కాసేపు నిలవాలి. దారిన పోతూ వాలి ఎగిరిపోయేదానికీ, పనిపడి అక్కడే మసిలేదానికీ చాలా తేడా ఉంది.

పూల మొక్కల బలం వేగం. పూత మొదలైతే చాలు, రాకపోకలు మొదలవుతాయి. పెంటాస్, నూరువరహాలు, జిన్నియా వంటివి ఇందుకు బాగుంటాయి. చిన్న చిన్న పూలు గుత్తిగా ఉన్న చోట సీతాకోకచిలుక ఒక్కసారి వాలి, ఒక్కో పువ్వులోకి తొండం దించుతూ గుత్తి అంతా తిరుగుతుంది. ఆ కొద్ది సమయమే మనకు దక్కే అవకాశం. ముద్ద పూలు కంటికి ఎంత నిండుగా కనిపించినా వీటికి అంతగా పనికిరావు. కేసరాలు రేకులుగా మారిపోయిన పువ్వులో మకరందం తక్కువ, ఉన్నదీ తొండానికి అందడం కష్టం. కాబట్టి ముద్దబంతి కంటే ఒంటిరేకు బంతి మేలు. లాంటానాను మాత్రం నాటకండి. సీతాకోకచిలుకలు దానిమీద మూగే మాట నిజమే కానీ, పిట్టలు దాని పండ్లు తిని విత్తనాలను దూరదూరాలకు చేరవేస్తాయి. దాని పుట్టిల్లయిన అమెరికా ఖండాల బయట ఎన్నో అడవులను అది కమ్మేసింది.

ఆకు మొక్క సంగతి వేరు. దీనికి ఓపిక కావాలి, కానీ అది ఇచ్చేది ఒక్క ఫొటో కాదు, ఒక జీవితం మొత్తం. నిమ్మ మొక్క దగ్గర కాసేపు కూర్చుని చూడండి. ఆడ లైమ్ బటర్‌ఫ్లై రెక్కలు ఆడిస్తూనే ఆకుమీద వాలి, ముందుకాళ్ళతో దాన్ని తడుతుంది. వాటి పాదాల్లో రుచి తెలిపే గ్రాహకాలుంటాయి, ఆకు సరైనదో కాదో అలా తేల్చుకుంటుంది. నచ్చితే పొట్ట చివరను వంచి, లేత పసుపు రంగు ముత్యంలాంటి గుడ్డు ఒక్కటి పెట్టి, పక్క ఆకుకు వెళుతుంది. మళ్ళీ మళ్ళీ అదే మొక్క చుట్టూ తిరుగుతుంది కనుక మనం దాని వెంట పరుగెత్తనక్కర్లేదు. ఆకుమీద ఫోకస్ పెట్టుకుని ఎదురుచూస్తే చాలు. పూల దగ్గర ఈ సౌకర్యం ఉండదు.

ఆపైన మొదలయ్యేది ఇంకా బాగుంటుంది. పిల్ల పురుగు అచ్చం పిట్టరెట్టలా, నలుపు తెలుపు మచ్చలతో ఉంటుంది. చివరి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారి కొమ్మలో కలిసిపోతుంది. దాన్ని కదిలిస్తే తల వెనుక నుంచి నారింజ రంగు రెండు పాయల కొమ్ము బయటికి వచ్చి ఘాటైన వాసన వెదజల్లుతుంది (ఫొటో కోసం పదే పదే విసిగించకండి, అది దానికి శ్రమ). పురుగు సీతాకోకచిలుకగా మారే తొడుగు, అంటే ప్యూపా, నల్లబడి లోపలి రెక్కల రంగులు పైకి కనిపించాయంటే బయటికి వచ్చే ఘడియ దగ్గరపడినట్టే. తొలిచుకుని వచ్చిన సీతాకోకచిలుక ముడతలు పడ్డ రెక్కల్లోకి ద్రవాన్ని నింపుకుని, అవి గట్టిపడేదాకా వేలాడుతూ ఉంటుంది. ఎగరలేని ఆ సమయంలో వెలుతురును, నేపథ్యాన్ని చూసుకుని తీరిగ్గా ఫొటో తీయవచ్చు. రెక్కలకు ఒక్క గీత కూడా పడని నిండు రూపం దొరికేది అప్పుడే.

ఏ మొక్క పెంచాలన్నది మీ ప్రాంతంలో ఏ సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. కరివేపాకు, నిమ్మ ఉంటే కామన్ మార్మన్ వస్తుంది. జిల్లేడుకు ప్లెయిన్ టైగర్, గన్నేరుకు కామన్ క్రో, రేల చెట్టుకు కామన్ ఎమిగ్రెంట్. ఉత్తర అమెరికాలో మోనార్క్ గుడ్లు పెట్టేది మిల్క్‌వీడ్ మొక్కలమీదే. ఐరోపాలో అందరూ పీకిపారేసే, ముట్టుకుంటే దురదపెట్టే నెటిల్ మొక్క లేకపోతే పీకాక్ సీతాకోకచిలుక పిల్లలకు మేత దొరకడం కష్టం.

లోటు కూడా చెప్పాలి. ఆకులు చిల్లులు పడతాయి, కొన్ని కొమ్మలు మోడవుతాయి. అది చూసి మందు కొట్టేవారికి ఈ పని కుదరదు. వేపనూనె సహజమైనదే కదా అనుకుంటారు, కానీ అదీ గొంగళిపురుగులకు చేటే. జీవసంబంధ మందుగా అమ్మే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాలో ఒక రకం ప్రత్యేకంగా గొంగళిపురుగులను చంపడానికే తయారైంది. ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు మొక్క ఒళ్ళంతా పాకి ఆకులోకీ మకరందంలోకీ చేరతాయి. ఐరోపా సమాఖ్య 2018లో ఇలాంటి మూడు మందులను ఆరుబయట పంటలమీద వాడకుండా నిషేధించింది. నర్సరీలో కొనే ముందు ఏ మందు కొట్టారో అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఒక్క కుండీకే చోటుంటే ఆకు మొక్క పెట్టండి. నాలుగైదింటికి చోటుంటే రెండు ఆకు మొక్కలు, మిగతావి గుత్తిపూలు. అన్నీ ఎండ తగిలే, గాలి విసురు లేని చోట ఉండాలి.

ఇంతకీ పిట్టలు ఆ పురుగులను బతకనిస్తాయా? చాలావాటిని తినేస్తాయి, తినాలి కూడా. పెద్దయ్యాక గింజలో, పండ్లో తినో, మకరందం తాగో బతికే పిట్టలు కూడా చాలావరకు గూటిలోని పిల్లలకు పురుగులనే నోటికందిస్తాయి. తేనెపిట్టలూ అంతే. కరోలినా చికడీ అనే చిన్న పిట్ట ఒక్క విడత పిల్లలను పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలని అమెరికాలో లెక్కగట్టారు. అదే పిట్టమీద 2018లో వెలువడిన అధ్యయనం, పెరళ్ళలోని పచ్చదనంలో స్థానిక మొక్కల వాటా 70 శాతం కంటే తగ్గితే వాటి సంతతి నిలబడదని తేల్చింది. అంటే సీతాకోకచిలుకల కోసం పెంచిన ఆకు మొక్కే పిట్టలకూ పిలుపు. పిట్టల బెడద తక్కువగా ఉండే పురుగులు కావాలంటే జిల్లేడు ఉంది. దాని పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకున్న ప్లెయిన్ టైగర్‌ను చాలా పిట్టలు ముట్టవు.

గింజలా నీళ్ళా అన్నదానికి నా జవాబు సూటిగా నీళ్ళే. గింజలు వేస్తే గింజలు తినేవే వస్తాయి. తరచుగా పావురాలే పళ్ళేన్ని ఆక్రమిస్తాయి, కింద రాలినవాటికి ఎలుకలు చేరతాయి. రోగాల భయం అంతకంటే పెద్దది. బ్రిటన్‌లో 2005లో ఫించ్ పిట్టల్లో బయటపడిన ట్రైకోమోనాస్ జబ్బు గ్రీన్‌ఫించ్‌ల సంఖ్యను దారుణంగా తగ్గించింది. పళ్ళేల దగ్గర పిట్టలు గుమికూడటం దాని వ్యాప్తికి తోడ్పడింది. గింజలు పెట్టాలనే ఉంటే కొద్దికొద్దిగా పోసి, పళ్ళెం తరచూ కడిగి ఆరబెట్టండి.

నీళ్ళకు అలాంటి వడపోత లేదు. గింజలు తినేవి, పురుగులు తినేవి, పండ్లు తినేవి, తేనె తాగేవి అన్నీ దాహానికీ స్నానానికీ రావలసిందే. లోతు 2 నుంచి 5 సెం.మీ. చాలు, అడుగు గరుకుగా ఉండాలి. నున్నగా ఉంటే కాళ్ళు జారి మళ్ళీ దిగవు. నీళ్ళు రోజూ మారిస్తే దోమలకు తావుండదు. పైనుంచి చుక్కచుక్కగా పడేట్టు ఒక సీసా కట్టండి, ఆ అలికిడికే పిట్టలు వస్తాయి. పక్కనే కాస్త ఇసుకను తడిగా ఉంచితే లవణాల కోసం మగ సీతాకోకచిలుకలు దానిమీద వాలతాయి. తొట్టిని కిటికీ అద్దానికి మీటరు లోపల గానీ, పది మీటర్ల అవతల గానీ పెట్టాలి. మధ్య దూరంలో ఉంటే బెదిరి ఎగిరిన పిట్ట పూర్తి వేగంతో అద్దాన్ని ఢీకొంటుంది.

ఇక లెన్స్. సీతాకోకచిలుకలనగానే మాక్రో, అంటే చిన్నవాటిని బాగా దగ్గరగా తీసే లెన్స్, అంటారు. గుడ్డుకు, పిల్ల పురుగుకు, రెక్కమీది పొలుసులకు దానికి సాటి లేదు. కానీ 100 మి.మీ. మాక్రోతో అసలు పరిమాణంలో తీయాలంటే లెన్స్ ముందుభాగం సుమారు 15 సెం.మీ. దూరంలోకి వెళ్ళాలి. మన నీడ పడగానే సీతాకోకచిలుక లేచిపోతుంది. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి తగ్గించినా కూడా స్పష్టంగా వచ్చే లోతు ఒక్క మిల్లీమీటరు. దగ్గరగా ఫోకస్ కుదిరే టెలిజూమ్ మాత్రం, ఉదాహరణకు మీటరు దూరంలో 0.3 రెట్లు చూపించే 100–400 మి.మీ. రకం, 36 మి.మీ. సెన్సర్‌మీద 12 సెం.మీ. వెడల్పును పట్టేస్తుంది. లైమ్ బటర్‌ఫ్లై రెక్కల విస్తారం 8 నుంచి 10 సెం.మీ. అంటే ఫ్రేము నిండినట్టే. అదే ఎఫ్/8కి స్పష్టమైన లోతు ఏడు మిల్లీమీటర్ల దాకా వస్తుంది. రెక్కలకు సెన్సర్‌ను సమాంతరంగా పట్టుకుంటే రెండు కొసలూ తేటగా ఉంటాయి. ఆ లెన్సే తొట్టి దగ్గరి పిట్టకూ సరిపోతుంది. ఒక్కటే కొనగలిగితే నా ఓటు జూమ్‌కే. ఫోను మాత్రమే ఉన్నవారు అప్పుడే ప్యూపా విడిచినదాన్ని, చల్లటి పొద్దున రెక్కలు విప్పి ఎండ కాగేదాన్ని చూసుకోవాలి. రెంటికీ అప్పటికింకా ఎగిరే సత్తువ ఉండదు.

పిట్టలకు పెరట్లో గుడారం వేయడం కంటే ఇంట్లో కిటికీ వెనుక కూర్చోవడం మేలు. గదిలో దీపాలు ఆర్పి, లెన్స్‌ను అద్దానికి ఆనించి, దానికి లంబంగా పెట్టండి. తొట్టికి ముందు మెట్టులా ఒక ఎండు కొమ్మ గుచ్చండి, స్నానానికి ముందూ తర్వాతా దానిమీదే వాలతాయి. షట్టర్ వేగం వాలినప్పుడు 1/500 సెకను, నీళ్ళు చిమ్ముతున్నప్పుడు 1/1600 పెట్టుకోండి. గూడు మాత్రం కంటపడినా కెమెరా దించేయండి, మన రాకపోకలే కాకులకు దారి చూపిస్తాయి.