సెలవుల సభ్యత్వమా, బ్యాంకులో డిపాజిటా: ఏది మేలు?

పోయిన నవంబరులో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక మాల్‌లో మా అమ్మాయి చీటీ మీద మా ఫోను నంబరు రాసి గాజు పెట్టెలో వేసింది. మూడో రోజే ఫోను వచ్చింది. బహుమతి వచ్చిందట, భార్యాభర్తలిద్దరూ వచ్చి తీసుకోవాలట. ఆ ఆదివారం మారతహళ్లి దగ్గర ఒక హోటల్ హాలులో రెండున్నర గంటలు కూర్చున్నాం. మా బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయిది చిత్తూరు. మేమూ తెలుగువాళ్లమని తెలియగానే "మేడమ్" పోయి "అక్కా" అయింది.

తెల్ల కాగితం మా వైపు తిప్పి, తాను తలకిందులుగా అంకెలు వేస్తూ లెక్క చెప్పాడు. "ఏటా సెలవులకు ఎంత ఖర్చు పెడతారక్కా?" అన్నాడు. అరవై వేలన్నాను. ఏటా ఆరు శాతం ధరలు పెరుగుతాయని చెప్పి, ఇరవై అయిదేళ్లకు దాన్ని 33 లక్షలకు చేర్చాడు. కింద గీత గీసి, పాతికేళ్ల పాటు ఏటా తమ రిసార్టుల్లో ఉండే సెలవుల సభ్యత్వానికి నాలుగున్నర లక్షలని రాసి, చుట్టూ సున్నా చుట్టాడు. ఈ ధర ఈ రోజుకే అన్నాడు. మా ఆయన అప్పటికే జేబులోంచి కార్డు తీస్తున్నారు. ఆ కాగితం ఇస్తే ఇంటికి తీసుకెళ్లి చూసుకుంటానని అడిగాను. ఇవ్వలేదు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

అతని గుణకారం తప్పు కాదు. నేను చెప్పిన అరవై వేలలో పెట్రోలు ఉంది, భోజనాలు ఉన్నాయి, పిల్లలకు కొన్న బొమ్మలూ ఉన్నాయి. సభ్యత్వం ఇచ్చేది గది మాత్రమే. మిగిలినవన్నీ సభ్యులైనా మనమే పెట్టుకోవాలి. మన మొత్తం ఖర్చును ఒక వైపు, వాళ్ల గది ధరను మరో వైపు పెట్టి తూచాడన్నమాట.

ఈ వ్యాపారం మన దేశంలో కొత్తది కాదు. 1986లో మొదలైన స్టెర్లింగ్, 1996లో వచ్చిన క్లబ్ మహీంద్రా దీన్ని మధ్యతరగతి ఇళ్లకు పరిచయం చేశాయి. పద్ధతి స్థూలంగా ఒకటే. ముందు పెద్ద మొత్తం కడతాం. ఏటా ఏడు రాత్రులు ఆ సంస్థ రిసార్టుల్లో ఉండే హక్కు వస్తుంది. ఆ గదుల నిర్వహణ పేరుతో ఏటా విడిగా రుసుము కడుతూ ఉండాలి, ఆ ఏడు మనం వెళ్లినా వెళ్లకపోయినా. పాతికేళ్ల ఒప్పందమైతే గడువు తీరాక చేతికి వచ్చేది ఏమీ ఉండదు.

ఇంటికి వచ్చాక లెక్క మళ్లీ వేశాను. నాలుగున్నర లక్షలు ఆరున్నర శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఏటా 29,250 రూపాయల వడ్డీ. అది వదులుకున్నట్టే. వార్షిక రుసుము పన్నుతో కలిపి 20,000 అనుకుంటే మొత్తం 49,250. ఏడు రాత్రులూ వాడితే రాత్రికి ఏడు వేల పైమాటే. ఆదాయపు పన్నులో ముప్ఫై శాతం శ్లాబులో ఉన్నవారికి వడ్డీలో మిగిలేది దాదాపు 20 వేలే కాబట్టి వాళ్లకు రాత్రి ఖరీదు 5,700 దగ్గర ఆగుతుంది. దసరా రోజుల్లో కూర్గులో మంచి రిసార్టు గదితో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే నాలుగు రాత్రులే వాడితే ఎవరికైనా రాత్రి ఖరీదు పది వేలు దాటుతుంది. పైగా పాతికేళ్ల తర్వాత డిపాజిట్ అసలు మన చేతికి వస్తుంది. అప్పటికి దాని విలువ తరిగినా, సున్నా మాత్రం కాదు.

అదే డబ్బు వాయిదాల్లో కడితే సంగతి వేరు. పదిహేను శాతం వడ్డీతో నాలుగేళ్ల వాయిదా అంటే నెలకు పన్నెండున్నర వేలు, మొత్తం ఆరు లక్షలు. అప్పు చేసి సెలవులు కొనడం ఏ లెక్కలోనూ నిలవదు.

"ఈ రోజు ధరకే పాతికేళ్ల సెలవులు" అన్న మాట దగ్గర మరికాస్త ఆగాలి. ధర ఆగేది మొదట కట్టే మొత్తానికే. వార్షిక రుసుము ఆగదు. ఏటా ఆరు శాతం పెరిగితే ఈ రోజు 20,000 ఉన్నది పన్నెండేళ్లకు 40,000, చివరి ఏటికి 81,000 అవుతుంది. గది అద్దెలు పెరుగుతాయని మనల్ని భయపెట్టినవారు ఈ పెరుగుదలను ఆ కాగితం మీద వేయలేదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వంటింట్లో వేలాడే వెంకట్రామా క్యాలెండర్. ప్రయాణాలు, సెలవులు దాని మీదే గుర్తు పెట్టుకుంటాను, పాతవి పారేయను. అయిదేళ్లవి కింద పరుచుకుని లెక్కపెట్టాను. సంక్రాంతికి అనంతపురం, వేసవిలో పది రోజులు అత్తగారి ఊరు, రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, ఏటా తిరుమల. ఇవి పోను మేము నలుగురం విహారానికి వెళ్లి గడిపిన రాత్రులు అయిదేళ్లలో పదహారు. సభ్యత్వం ఉంటే ముప్ఫై అయిదు వాడాల్సింది. వాడనివి తర్వాతి ఏటికి దాచుకోవచ్చని అంటారు. దాచుకున్న రాత్రులకూ సెలవు దొరకాలి కదా! బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మనలో చాలామందికి సెలవులు ముందే సొంత ఊరికి రాసిచ్చినట్టు ఉంటాయి.

సీజను సంగతి మరొకటి. క్లబ్ మహీంద్రాలో ఏడాదిలోని రోజులను గిరాకీని బట్టి సీజన్లుగా విడగొట్టి రంగులు పెట్టారు. పర్పుల్ అన్నిటికంటే ఖరీదు, తర్వాత రెడ్, వైట్, చివర బ్లూ. చవకని కింది రంగు కొంటే పిల్లల బడి సెలవులు చాలావరకు అందులో పడవు. మా పై అంతస్తులో ఉండే అక్కవాళ్లకు వేరే ఒక సంస్థలో ఖరీదైన సీజను సభ్యత్వమే ఉంది. కిందటి దసరాకు రెండు నెలల ముందు నుంచి ఊటీ కోసం ప్రయత్నించింది. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోను తెరిచి చూసేది. ఊటీ లేదు, మడికేరి లేదు, ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఖాళీ ఉంది. చివరకు సొంత డబ్బుతో ఏర్కాడులో హోటలు తీసుకున్నారు. ఆ ఏటి రుసుము మాత్రం కట్టారు. ఆమె చెబుతుంటే నాకు కడుపులో దేవినట్టయింది, ఎందుకంటే ఆ ఒప్పందం మీద సంతకం చేయడానికి మేమూ ఒక్క నిమిషం దూరంలోనే ఆగాం.

ఎప్పటికప్పుడు డబ్బు కట్టి వెళ్లడానికి బెంగళూరు కంటే అనువైన ఊరు అరుదు. మడికేరి, చిక్కమగళూరు, ఏర్కాడు, ఊటీ అన్నీ ఇంచుమించు 230 నుంచి 270 కిలోమీటర్ల లోపు. కర్ణాటక పర్యాటక సంస్థ మయూర హోటళ్లు, తమిళనాడు సంస్థ హోటళ్లు, మదనపల్లె పైన హార్స్‌లీ హిల్స్‌లో మన హరిత రిసార్టు ఉన్నాయి. వీటిలో దుప్పట్లు, స్నానాల గదులు రిసార్టు స్థాయిలో ఉంటాయని ఆశించకూడదు. కానీ చాలావరకు కొండ మీద మంచి చోట్లు వీటివే. మా ఇంటికి నప్పినవి కాఫీ తోటల్లోని హోమ్‌స్టేలు. పెద్దవాళ్లకు వేడి నీళ్లు, పిల్లలకు ఇంటి భోజనం, అమ్మకు తోడుగా మాట్లాడే ఆ ఇంటి పెద్దావిడ. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి ఇప్పుడు జీఎస్టీ అయిదు శాతమే. సభ్యత్వం మీద, వార్షిక రుసుము మీద పద్దెనిమిది.

అయితే సభ్యత్వం ఎవరికీ పనికిరాదని నేను అనను. బడి సెలవులతో పని లేనివారు, నాలుగు నెలల ముందే తేదీలు తేల్చుకోగలిగినవారు, ఏటా వారం రోజులు ఒకే చోట కదలకుండా ఉండటం ఇష్టమైనవారు, మొత్తం ఒకేసారి కట్టగలిగినవారు కొంటే గిట్టుబాటు అవుతుంది. అలాంటివారు కూడా ముందు ఇంకొకరి దగ్గర నుంచి బదిలీ మీద దొరుకుతుందేమో చూడాలి. విసిగిపోయి అమ్ముకునేవారు కొన్న ధరలో కొద్ది భాగానికే ఇస్తారు. బదిలీ రుసుము, మిగిలిన ఏళ్లు, బకాయిలు ఒప్పందంలో చూసుకున్నాకే డబ్బు ఇవ్వాలి.

ఇప్పటికే సంతకం చేసి బాధపడుతున్నవారు ముందు ఒప్పందం తీసి, రద్దు గడువు ఎన్ని రోజులో వెతకండి. గడువు మిగిలి ఉంటే ఆ రోజే ఈమెయిల్ పంపి, రిజిస్టర్డ్ పోస్టులోనూ రాయండి. హాలులో నోటితో చెప్పినవన్నీ, తేదీతో సహా గుర్తున్నంత వరకు కాగితం మీద పెట్టండి. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, సంస్థ ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉన్నా సరే. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు.